పిట్ట బుస కొడితే మీరు నవ్వారు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 54 ఏళ్లు. మావారు నిరుడే రిటైరయ్యారు. రెండేళ్ల కిందట మా అమ్మాయి కాకటీల్ (నెత్తిన పిలక ఉండే చిన్న చిలక జాతి పక్షి) పిల్లను తెచ్చుకుని, సిరంజితో తిండి పెట్టి పెంచింది. మగదని షాపువాడు చెబితే చింటూ అని పేరు పెట్టాం. ఆర్నెల్ల కిందట అమ్మాయికి పెళ్లయి బెంగళూరు వెళ్లింది. వాళ్ల ఇంటి ఓనర్ ఒప్పుకోకపోవడంతో పిట్ట మా దగ్గరే ఉండిపోయింది. నాతో బాగానే ఉంటుంది. వీపు నిమిరితే తోక పైకెత్తి కిచకిచమంటూ కదలకుండా నిలబడుతుంది. మావారంటే మాత్రం పడదు. ఆయన సాయంత్రం వాకింగ్ నుంచి రాగానే చువ్వల్లోంచి వేలు పెట్టి ‘ఏంరా’ అంటారు. వెంటనే దాని పిలక నెత్తికి అంటుకుపోతుంది, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పాములా బుస కొడుతుంది. నాకు నవ్వాగదు, ఆయనకు కోపం ఆగదు. రెండుసార్లు రక్తం వచ్చేలా కొరికింది. పొద్దుగూకే వేళ ఒకటే అరుపు, టీవీ కూడా వినబడదు. ఈ మధ్య సోఫా కింద దూరి పేపర్లు చింపుతోంది. ‘రెండేళ్లయినా ఒక్క మాట రాలేదు, మొహం కూడా బూడిద రంగే, ఎవరికైనా ఇచ్చెయ్’ అని రోజూ గొడవ. చలికాలం నుంచి వస్తున్న దగ్గు కూడా దాని వల్లే అంటున్నారు. ఇచ్చేస్తే అమ్మాయి ఏడుస్తుంది. ఉంచితే ఇంట్లో శాంతి లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని కుదించి పైన వేశాం. అసలుదాంట్లో పిట్ట గురించి రెండు పేజీలున్నాయి, మీ ఆయన దగ్గు గురించి ఒక్కటే వాక్యం. నేను ఆ వాక్యంతోనే మొదలుపెడతాను.

కాకటీల్ ఈకల్లోంచి మెత్తటి తెల్ల పొడి రాలుతూ ఉంటుంది. పంజరం పక్కనున్న టీవీని నల్ల గుడ్డతో తుడిచి చూడండి, మీకే తెలుస్తుంది. చిలకల జాతిలో ఈ పొడి బాగా రాల్చే వాటిలో ఇదొకటి. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు ఇది పడదు. కొందరికి నెలల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. కాబట్టి మీ ఆయన సాకులు చెబుతున్నారని అనుకోకండి. ఈ వారంలోనే ఛాతీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో పిట్ట ఉందన్న సంగతి మీ అంతట మీరే చెప్పండి, వాళ్లు అడగకపోవచ్చు. పిట్ట ఉండకూడదని డాక్టరు అంటే ఇక చర్చ లేదు, దాన్ని బాగా చూసుకునే ఇల్లు వెతకాల్సిందే. అమ్మాయి ఏడ్చినా సరే. అంతవరకు వెళ్లకపోతే పొడిని తగ్గించుకునే దారులున్నాయి. వారానికి రెండు మూడుసార్లు ఎండ పూట స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లండి. పంజరం కింది కాగితం రోజూ మార్చండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డ పెట్టండి. మీరు పడుకునే గదిలో మాత్రం పిట్టను ఉంచొద్దు.

ఇక మీ సాయంత్రాల సంగతి. పిట్ట అంటే నిజంగా గిట్టని మనిషి ఇంటికి రాగానే నేరుగా పంజరం దగ్గరికి ఎందుకు వెళ్తాడు? రెండుసార్లు రక్తం వచ్చినా మళ్లీ వేలు ఎందుకు పెడతాడు? కూతురు ఆర్నెల్ల కిందట వెళ్లిపోయింది, ఉద్యోగం నిరుడే అయిపోయింది. ఆయన ఇంటికొచ్చి మొదట ‘ఏంరా’ అని పలకరిస్తున్నది ఆ పిట్టనే. అది బుస కొడుతుంది, మీరు నవ్వుతారు. మీరు దేన్ని చూసి నవ్వుతున్నారో మీకు తెలుసు, ఆయనకు తెలియదు. ముందు ఆ నవ్వు మానండి.

ఆ బుస వెనక ద్వేషం ఉందనుకోకండి, అది భయం. కాకటీల్ ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాల పక్షి. నేల మీద గింజలు ఏరుకుని తింటుంది, పై నుంచి దిగే గద్ద కోసం ఎప్పుడూ ఓ కన్ను వేసి ఉంచుతుంది. ఎత్తుగా నిలబడి, పంజరం మీదికి వంగి, వేలు లోపలికి తోసే మనిషి దాని కంటికి ఎలా కనిపిస్తాడో ఆలోచించండి. పిలక నెత్తికి అంటుకుందంటే, ఒళ్లు ఊగుతోందంటే, నోరు తెరిచి బుస కొడుతోందంటే ‘ఇక దగ్గరికి రావద్దు’ అని మూడు రకాలుగా చెప్పినట్టే. అది ముందుగా చెప్పకుండా కొరకలేదు.

పిలక నిటారుగా, గట్టిగా నిలబడితే సంతోషమని మీరు రాశారు. చాలాసార్లు కాదు. ఏదో చప్పుడుకు ఉలిక్కిపడి ఒళ్లంతా బిగబట్టిందన్నమాట. పిలక కొంచెం వెనక్కి వాలి వదులుగా ఉండటం, ఒంటికాలి మీద నిలబడటం, నిద్రకు ముందు ముక్కు పళ్లు నూరినట్టు కరకరలాడించడం, ఇవే నెమ్మదిగా ఉన్న గుర్తులు. మెడ ఈకలు ఉబ్బించి తల వంచిందా, ‘గోకండి’ అని అడుగుతోంది.

మీ ఆయనకు నేను చెప్పే పని ఒక్కటే. సాయంత్రం పంజరం పక్కన, దానికి ఎదురుగా కాకుండా ఓరగా, కుర్చీ వేసుకుని పేపర్ చదువుకోమనండి. పావుగంట చాలు. వేలు పెట్టొద్దు, కళ్లలోకి గుచ్చి చూడొద్దు. నాలుగు రోజుల తర్వాత ఒక పొడుగాటి కొర్ర కంకి తెచ్చి, ఆ చివర పట్టుకుని ఈ చివర చువ్వల దగ్గర పెట్టమనండి. పిలక అంటుకుపోతే కంకి వెనక్కి తీసెయ్యాలి. వదులుగా ఉంటే అలాగే ఉంచాలి. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ కొన్నాళ్లూ కొర్ర కంకి మీ చేత్తో మాత్రం పెట్టకండి, అది ఆయన దగ్గరే దొరకాలి.

సాయంత్రం అరుపు గుంపులో బతికే పక్షికి సహజం. పొద్దున, పొద్దుగూకే వేళ ‘ఎక్కడున్నారు’ అని ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. మీ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చే వేళ కూడా అదే అని రాశారు కదా. అరిచినప్పుడు పరుగెత్తుకు వెళ్లినా, కసిరినా దానికి జవాబు దొరికినట్టే. వంటింట్లోంచే ఒక చిన్న ఈల వేసి మీరున్నారని తెలియజేయండి. ఊరుకున్నాక దగ్గరికెళ్లండి.

ఇక షాపువాడు చెప్పిన మాట. రెండేళ్లు దాటినా మొహం బూడిద రంగులోనే ఉంది. మాటలు రాలేదు. వీపు నిమిరితే తోకెత్తి కిచకిచమంటోంది. చీకటి మూలల్లో దూరి కాగితాలు చింపుతోంది. అమ్మా, మీ చింటూ ఆడపిట్ట, గూడు కట్టుకునే పనిలో ఉంది. మామూలు బూడిద రంగు కాకటీల్‌లో మగదైతే ఈపాటికి మొహం పచ్చగా మారి, ఈలలతో ఇల్లు ఎగిరిపోయేది. ఆడవి మాట్లాడటం చాలా తక్కువ, మీ ఆయన దాని మీద ఆ ఆశ వదులుకోవాల్సిందే.

వీపు నిమరడం ఈరోజే ఆపండి. దాని భాషలో అది జోడు కట్టడం. ముద్దు చేయాలనిపిస్తే తల, బుగ్గలు గోకండి, అంతే. సోఫా కిందికి వెళ్లకుండా అడ్డం పెట్టండి. హాల్లో టీవీ పదకొండు దాకా నడుస్తుందన్నారు, అంతసేపు వెలుగు ఉంటే గుడ్లు పెట్టే కాలం వచ్చిందని దాని ఒళ్లు అనుకుంటుంది. సాయంత్రం ఏడింటికల్లా వేరే గదిలోకి మార్చి పన్నెండు గంటలు పడుకోనివ్వండి. అయితే కటిక చీకటి వద్దు. మా ఇంట్లోనూ ఒకప్పుడు కాకటీల్ ఉండేది. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు బల్లి కదిలిందో ఏమో, పంజరంలో తలబాదుకున్నట్టు ఎగిరి, తెల్లారి చూస్తే రెక్క నిండా నెత్తురు. ఈ జాతికి అలాంటి రాత్రి భయాలు ఎక్కువ. అప్పటి నుంచి ఇన్వర్టర్ మీద ఒక జీరో బల్బు వెలిగేది.

పంజరంలో కటిల్‌బోన్ (పిట్టలు గీకి తినే తెల్లటి సముద్రపు పెంకు) ఉందో లేదో చూడండి, గుడ్డు పెంకుకు కాల్షియం కావాలి. పిట్ట పంజరం అడుగున ఈకలు ఉబ్బించి కూర్చుని ముక్కుతున్నా, ఊరికే కూర్చున్నప్పుడు ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. పక్షులు చూసే పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలి. గుడ్డు లోపల అడ్డం పడితే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. బయటికి వదిలే ముందు ఫ్యాను ఆపండి. పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనం మాడనివ్వకండి, ఆ పొగ వీటికి విషం.

గుడ్డు పెడితే కంగారు పడకండి. మగ తోడు లేదు కాబట్టి పిల్ల రాదు. అలాగని తీసి పారేయొద్దు, తీసేస్తే దాని బదులు ఇంకొకటి పెడుతుంది. మూడు వారాల పాటు పొదగనిస్తే విసుగొచ్చి తనే వదిలేస్తుంది. మొదటి గుడ్డు ఫొటో మాత్రం మీరు తీయకండి. మీ ఆయన్ను తీసి అమ్మాయికి పంపమనండి.