ఎనిమిదో బిట్టు తుడిచే ముందు

పశ్చిమ మాంబళం,
చెన్నై.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం నీవు ఇచ్చి వెళ్లిన ప్రశ్నల కాగితాలన్నీ రెండుసార్లు చదివాను. పాత కంప్యూటర్ల ఫ్లాపీ ఇమేజ్‌లలోంచి, అంటే ఒక్కో ఫ్లాపీలోని సమాచారాన్నంతా ఉన్నది ఉన్నట్లు దించుకున్న నకళ్లలోంచి, ఫైళ్లను బయటికి తీయడానికి నీవు తీరిక వేళల్లో రాసుకున్న యుటిలిటీని ఇంతమంది వాడుతున్నారని తెలిసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అయితే ఉత్తరాల్లో సగం "మీ యుటిలిటీ నా ఫైలును పాడుచేసింది" అనే మాటతో మొదలవుతున్నాయని నీవు నొచ్చుకోవడం గమనించాను. ముప్పై నలభై ఏళ్లుగా బీరువాలో పడి ఉన్న ఫ్లాపీలో తండ్రి ఉత్తరాలో, తాము చిన్నతనంలో రాసుకున్న ప్రోగ్రాములో ఉన్నవాళ్లు, తెర మీద చెత్త అక్షరాలు చూసేసరికి కంగారుపడతారు. ఆ కంగారే కోపంగా కనిపిస్తుంది. ఫీల్డు సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను చూసింది అదే. కనుక మాట పట్టించుకోకుండా, వాళ్ల ఫైలులో నిజంగా ఏమి జరిగిందో చెప్పు.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఫైలు చివర వచ్చే చెత్త గురించి. సీపీ/ఎం పద్ధతి తెలియనివారికి అది ముమ్మాటికీ నీ తప్పులాగే కనిపిస్తుంది. 1974లో గ్యారీ కిల్డాల్ రూపొందించిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్, అందరూ విరివిగా వాడిన 2.2 వెర్షన్‌లో కూడా, ఫైలు పొడవును బైట్లలో ఎక్కడా రాసిపెట్టుకోదు. 128 బైట్ల రికార్డులు ఎన్ని ఉన్నాయన్నదే దాని లెక్క. ఎవరైనా సరిగ్గా వెయ్యి బైట్ల ఉత్తరం రాశారనుకో, అది ఎనిమిది రికార్డుల్లో, అంటే 1,024 బైట్లలో కూర్చుంటుంది. ఉత్తరం ఇక్కడితో ముగిసిందని తెలపడానికి 26 విలువ గల బైటును, మనం కంట్రోల్-జెడ్ అనేదాన్ని, అక్కడ పెట్టేవారు. ఆ తర్వాత మిగిలిన చోటులో అంతకుముందు మెమరీలో ఉన్న అడుగూబొడుగూ ఏదైనా ఉండవచ్చు. అందువల్ల అక్షరాల ఫైలైతే 26 దగ్గర ఆపే వెసులుబాటు ఇవ్వు, కానీ అడిగినవారికే ఇవ్వు. ప్రోగ్రాము ఫైలు విషయంలో ఆ పని ఎన్నడూ చేయవద్దు. ప్రోగ్రాము మధ్యలో 26 అనే విలువ మామూలుగానే వస్తూ ఉంటుంది. అక్కడ కోస్తే తల ఒక చోటా మొండెం ఒక చోటా అవుతుంది.

రెండో ప్రశ్న వర్డ్‌స్టార్ అనే పాత టైపింగు ప్రోగ్రాములో రాసిన ఉత్తరాలది. "ప్రతి మాటలోనూ చివరి అక్షరం ఒక్కటే చెడింది, మిగతాదంతా బాగుంది" అని ఒకావిడ ఎంత శ్రద్ధగా గమనించి రాసిందో చూశావా? ఆమె గమనికలోనే జవాబు ఉంది. ఒక బైటులో 0 గాని 1 గాని ఉండే ఎనిమిది బిట్లు ఉంటాయి, ఎనిమిదో బిట్టు విలువ 128. ఇంగ్లిషు అక్షరాలకూ అంకెలకూ సంఖ్యలు కేటాయించే ఆస్కీ పద్ధతికి ఏడు బిట్లే చాలు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్, డాక్యుమెంటు పద్ధతిలో రాసేటప్పుడు, ఖాళీగా ఉన్న ఆ ఎనిమిదో బిట్టును ప్రతి మాట చివరి అక్షరంలో తన సొంత గుర్తుగా వాడుకుంది. ఇంగ్లిషు చిన్న 'ఇ' (e) అక్షరం విలువ 101. అది మాట చివర వస్తే 128 కలిసి 229గా డిస్కు మీదికి ఎక్కుతుంది, ఈనాటి ఎడిటరు దాన్ని చూసి మరేదో అక్షరం వేస్తుంది. 128 తీసివేస్తే మాట మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇంత తేలికైన పనిని యుటిలిటీయే దానంతట అది చేసేయకూడదా అని చాలామంది అడిగారు, నీవు కూడా వచ్చే వెర్షన్‌లో అలా చేసేస్తానని అన్నావు. నేను కలం పట్టింది ముఖ్యంగా అందుకే. చేయవద్దు.

కారణం చెబుతాను. 1996లో మా వీధి చివర ఉండే ఒక తెలుగు మాస్టారు, పదవీ విరమణ తర్వాత తన చిన్ననాటి సంగతులన్నీ భారతీయ భాషల్లో టైపు చేయనిచ్చే జిస్ట్ కార్డు ఉన్న డాస్ కంప్యూటరు మీద టైపు చేయించుకుని, ఆ ఫ్లాపీని నా చేతికిచ్చి మరో యంత్రంలోకి ఎక్కించిపెట్టమన్నారు. నా దగ్గర అప్పటికే వర్డ్‌స్టార్ ఫైళ్లను శుభ్రం చేయడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాము ఉండేది. అది ఫ్లాపీలోని ఫైళ్లన్నిటిలో ఎనిమిదో బిట్టు తుడిచి, అదే ఫ్లాపీ మీద, అదే పేరుతో తిరిగి రాసేది. అలవాటు కొద్దీ దాన్ని నడిపాను. మాస్టారు రాసినవి ఇస్కీ ఫైళ్లు, అంటే భారతీయ లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పద్ధతిలో ఉన్నవి. ఇస్కీలో తెలుగు అక్షరాలన్నీ ఉండేది ఎనిమిదో బిట్టు వెలిగిన భాగంలోనే. 'అమ్మ' అన్న మాటను ఇస్కీలో 164, 204, 232, 204 అని నాలుగు బైట్లుగా రాస్తారు: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒక్కో దాంట్లోంచి 128 తీసేస్తే మిగిలేవి 36, 76, 104, 76. అంటే ఒక డాలరు గుర్తు, పెద్ద 'ఎల్', చిన్న 'హెచ్', మరో పెద్ద 'ఎల్'. మాస్టారి పుస్తకమంతా ఆ రూపంలోకి మారిపోయింది.

తిరిగి 128 కలిపేస్తే సరిపోదా అని నీవు అడుగుతావు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆయన ఫైలులో అచ్చంగా తెలుగే కాక సంవత్సరాలు, రూపాయల లెక్కలు, కామాలు, చుక్కలు, అక్కడక్కడ ఇంగ్లిషు మాటలు కూడా ఉన్నాయి. 'క' అక్షరం ఇస్కీలో 179. దాంట్లోంచి 128 తీస్తే 51, అది ఆస్కీలో 3 అంకె. నేను తుడిచిన తర్వాత ఆ ఫైలులో 'క' అక్షరమూ 3 అంకె ఒకటే అయిపోయాయి. ఏది ఏదో యంత్రానికి తెలిసే దారి లేదు, పక్కన కూర్చుని చదివే మాస్టారికే తెలుసు. నాలుగు సాయంత్రాలు ఆయన కళ్లద్దాలు సవరించుకుంటూ ఒక్కో వాక్యమే చెబుతుంటే నేను దిద్దాను. ఒక్క మాట కూడా అనలేదాయన. ఒకటి రెండు తేదీల దగ్గర మాత్రం ఆగి, "ఇది నాకూ ఇప్పుడు గుర్తు లేదోయ్" అన్నారు. ఫ్లాపీకి మరో కాపీ తీసుకుని ఉంటే ఆ తేదీలు నిలిచేవి.

కనుక నీ యుటిలిటీ ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే తెరవాలి. తీసిన ఫైలును మరో ఫోల్డరులో, ఒక్క బైటు కూడా మార్చకుండా పెట్టాలి. వర్డ్‌స్టార్ శుభ్రత కావాలన్నవారికి, అసలు ఫైలు పక్కనే, వేరే పేరుతో రెండో ఫైలుగా ఇవ్వాలి. ఎన్ని బైట్లు మార్చిందో కూడా చెప్పాలి. "ఇదంతా ఎందుకు, నేరుగా చేసేయవచ్చుగా" అన్నవారికి నా కథ చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

దీనికి దగ్గరి ప్రశ్నే మరొకటి ఉంది. బెంగుళూరు నుంచి ఒకాయన, తన నాన్నగారి తెలుగు ఫైలు కన్నడ లిపిలో కనిపిస్తోందని, నీ యుటిలిటీ భాష మార్చేసిందని రాశాడు. ఇస్కీలో చేర్చిన భారతీయ లిపులన్నిటికీ అక్షరాల విలువలు ఒకటే. తెలుగు 'క' అయినా కన్నడ 'క' అయినా 179. ఏ లిపిలో చూపాలన్నది విడిగా ఇచ్చే సూచన. ఆ సూచన ఫైలులో లేకపోతే, చూసే సాఫ్ట్‌వేర్‌లో ఏ లిపి ఎంచుకుని ఉంటే అదే వస్తుంది. ఆయన ఫైలు భద్రంగా ఉందని, తెలుగు ఎంచుకుంటే చాలని మొదటి వాక్యంలోనే చెప్పు, వివరణ తర్వాత. యూనికోడ్‌లోకి మార్చే పని నీవు తలపెట్టేటట్లయితే, యూనికోడ్‌లో మన లిపుల వరుస 1988 నాటి ఇస్కీని అనుసరించినదే కనుక చాలావరకు సాఫీగా సాగుతుంది, కానీ రెండు పొల్లులు పక్కపక్కన వచ్చే చోట్ల, నుక్తా (అక్షరం కింద పెట్టే చుక్క) వచ్చే చోట్ల జాగ్రత్తగా నియమాలు రాయాలి. అది మరో ఆదివారం మాట్లాడుకుందాం.

229 గురించి చెప్పాను కదా, వర్డ్‌స్టార్‌లో అది మాట చివరి 'ఇ'. అదే 229 సీపీ/ఎం డైరెక్టరీలో (డిస్కు మీది ఫైళ్ల పట్టికలో) ఒక నమోదు మొదటి బైటుగా ఉంటే ఆ ఫైలును చెరిపేశారని అర్థం. డాస్ డైరెక్టరీలోనూ పేరు మొదటి అక్షరం చోట అది ఉంటే అంతే. ఇస్కీలో అదే విలువ ఒక గుణింతపు గుర్తు. "చెరిపిన ఫైలు తిరిగి వస్తుందా" అన్నవారికి, ఆ చోటు మీద మరొకటి రాయనంతవరకు రావచ్చని, డాస్‌లోనైతే పేరులో మొదటి అక్షరం వాళ్లే చెప్పాలని రాయి.

ఇక "డిస్కు ఏ యంత్రానిదో మీ యుటిలిటీ ఎందుకు కనిపెట్టలేకపోతోంది" అన్న ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే, కానీ తప్పు నీది కాదు. సీపీ/ఎం 2.2లో డిస్కు కొలతలు ఆ యంత్రం బయాస్‌లో, అంటే దాని హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములో, ఉండేవి, డిస్కు మీద ఉండేవి కావు. ఒక్కో తయారీదారు ఒక్కో కొలత పెట్టుకున్నాడు. అందరికీ ఉమ్మడిగా చెల్లింది ఎనిమిది అంగుళాల సింగిల్ డెన్సిటీ ఫ్లాపీ ఒక్కటే: 77 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకు 26 సెక్టార్లు (ముక్కలు), సెక్టారుకు 128 బైట్లు, మొత్తం 2,56,256 బైట్లు. దాంట్లో కూడా సెక్టార్లను వరుసగా కాక ఆరేసి దాటుకుంటూ, 1, 7, 13, 19 అని చదవాలి. ఈ దాటే లెక్క తప్పితే జరిగేది చాలా మోసకారిగా ఉంటుంది. డైరెక్టరీలో కొన్ని పేర్లు చక్కగా కనిపిస్తాయి, ఫైలు తెరిస్తే మాత్రం 128 బైట్ల ముక్కలు తారుమారుగా వస్తాయి. ముక్కలో మాటలు సరిగ్గా ఉండి, ముక్కకూ ముక్కకూ పొంతన లేదంటే ఇమేజ్ మంచిదే, లెక్క తప్పు. యుటిలిటీకి నిశ్చయంగా తెలియనప్పుడు ఊహించి ఫైళ్లు తీయడం కంటే, ఆగి, యంత్రం పేరు అడగడం మేలు.

కొన్ని ఫైళ్లు కనిపించడం లేదన్నవారిని యూజర్ ఏరియాలు, అంటే సీపీ/ఎం డిస్కు మీది ఫైళ్లను వేరు చేసే సంఖ్యల విభాగాలు, చూడమను. 0 నుంచి 15 వరకు ఉంటాయి, అందరూ సున్నా ఒక్కటే చూసి ఊరుకుంటారు. వేరు వేరు ఏరియాల్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవచ్చు కాబట్టి, నీవు అన్నిటినీ ఒకే ఫోల్డరులోకి తీస్తే ఒకటి మరొకదాన్ని మింగేస్తుంది. ఇప్పుడు నీ యుటిలిటీలో ఆ లోపం ఉంది. నేను నా దగ్గరి ఇమేజ్‌తో చూశాను. ముందు అది సరిచెయ్యి. తేదీలన్నీ 1980 జనవరి 1 అని వస్తున్నాయన్నవారికి, బ్యాటరీ గడియారం లేని డాస్ యంత్రంలో తేదీ ఇవ్వకపోతే అక్కడి నుంచే మొదలయ్యేదని చెప్పు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఇమేజ్ అయితే 14,74,560 బైట్లు ఉండాలి, 360 కిలోబైట్లదైతే 3,68,640. అంతకంటే తక్కువ ఉంటే కాపీ మధ్యలో ఆగిందన్నమాట, మళ్లీ తీయాలి.

డిస్కు నుంచి ఇమేజ్ తీయడం నీ యుటిలిటీ పని కాకపోయినా, ఆ ప్రశ్నలను తోసిపుచ్చవద్దు, ముఖ్యంగా మన ఊరివాళ్లవి. సముద్రపు తేమకు చెన్నైలో ఫ్లాపీలకు బూజు పట్టడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 2015 వరదల్లో తడిసి, తర్వాత అలాగే డబ్బాలో పెట్టేసినవి ఇప్పటికీ కొందరి ఇళ్లలో ఉన్నాయి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, మధ్య రంధ్రంలో వేలితో మెల్లగా తిప్పుతూ హెడ్ ఆనే చీలిక వైపు చూడమను. తెల్లటి మచ్చలు, సాలెగూడు వంటి పొర కనిపిస్తే డ్రైవులో పెట్టకూడదు. పెడితే ఆ బూజు అయస్కాంతపు పూతను గీకేస్తుంది, హెడ్‌కు అంటుకుని తర్వాతి ఫ్లాపీని కూడా చెడగొడుతుంది. మచ్చలు లేకపోయినా ముందు రైట్ ప్రొటెక్ట్ చేయాలి, అంటే దాని మీద ఏమీ రాయడానికి వీల్లేకుండా చేయాలి: ఐదుంపావు దానికి పక్క గాటును అంటించి మూయాలి, మూడున్నర దానికి రంధ్రం తెరిచి ఉంచాలి, ఎనిమిది అంగుళాలదానికి ఐదుంపావు దానికి విరుద్ధంగా గాటు తెరిచి ఉంచాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు మూడున్నర అంగుళాల డాస్ ఫ్లాపీలకు పనికొస్తాయి గాని, పాత సీపీ/ఎం డిస్కులకు పనికిరావు. వాటికి పాత డ్రైవును గ్రీజ్‌వీజిల్ వంటి బోర్డుకు తగిలించి, అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్లుగా నమోదు చేసుకోవడమే సురక్షితమైన దారి.

చివరిగా, లోపం చూడటానికి ఇమేజ్ మొత్తం పంపమని అందరినీ అడుగుతున్నావు. ఆ ఫ్లాపీల్లో జీతాల లెక్కలు, ఇంటి ఉత్తరాలు, చనిపోయినవారి మాటలు ఉంటాయి. మొదట యంత్రం పేరు, ఇమేజ్ సైజు, యుటిలిటీ చూపిన సందేశం, డైరెక్టరీ జాబితా అడుగు. చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. ఇమేజ్ తప్పనిసరైతే, పని కాగానే చెరిపేస్తానని ముందుగానే రాసి, అలాగే చెరిపెయ్యి.

ఆ బెంగుళూరు ఆయనకు జవాబు ఈ రాత్రే రాయి, పాపం చాలా దిగులుగా ఉన్నట్టున్నాడు. ఈ ఆదివారం వచ్చేటప్పుడు నీ దగ్గరున్న ఐదుంపావు డ్రైవు పట్టుకురా. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తెచ్చిపెట్టాను, హెడ్ శుభ్రం చేసి, యూజర్ ఏరియాల సంగతి కలిసి చూద్దాం. అత్తయ్య నిన్ను భోజనానికే రమ్మంది.

ఇట్లు,
మామయ్య