మా ఇంట్లో అట్టలు నలిగిపోయిన పుస్తకాలు

బాబుకి పదేళ్లు, ఇంగ్లిష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, పుస్తకం ఇస్తే పక్కన పడేస్తాడు అని రాశారు. మీకూ చదివే అలవాటు తప్పిపోయింది, ఏది మొదలుపెట్టినా పాతిక పేజీలు దాటట్లేదు, ఇద్దరికీ నాలుగు పుస్తకాలు చెప్పండి అన్నారు. ఆరేళ్ల కిందట మా ఇల్లూ అచ్చం ఇలాగే ఉండేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉండగా, దీనికి తెలుగు రాకుండా పోతుందేమోనని టెన్షన్ పట్టుకుంది. నీతికథల పుస్తకాలు అరడజను కొనుక్కొచ్చి, రోజుకి రెండు పేజీలు పైకి చదవాలని రూలు పెట్టాను. 'అంతట ఆ వర్తకుడు మిక్కిలి విచారించి' లాంటి వాక్యాలు. 'మిక్కిలి' దగ్గర ఒకసారి ఆగేది, 'విచారించి' దగ్గర ఇంకోసారి ఆగేది, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేది. నెల తిరక్కుండానే ఆ పుస్తకం తీస్తే చాలు, కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. పిల్లకి అక్షరాలు రాక కాదు. ఇంట్లో రోజూ వినే మాట ఒక్కటీ అందులో లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లలకి చెవిలో తెలుగు నిండుగానే ఉంటుంది, కంటికే అలవాటు లేదు. కాబట్టి మీ బాబు చేతికి అప్పుడే పుస్తకం ఇవ్వకండి. మీరు చదవండి, వాడు వింటాడు. ఆ వినేది మనం మాట్లాడుకునే భాషలో రాసిన పుస్తకం అయ్యుండాలి. నేను చెప్పేవన్నీ ఆ లెక్కలో ఎంచినవే.

మొదట ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు'. 1950ల్లో వారపత్రికలో వచ్చిన రచన ఇప్పటి పిల్లలకి ఎక్కుతుందా అని నాకూ అనుమానంగానే ఉండేది. కరెంటు పోయిన ఒక రాత్రి టార్చి లైటు పెట్టుకుని మొదలుపెట్టాను. 'సీగాన పెసూనాంబ' అనే పేరు దగ్గర మా అమ్మాయి ఆపించింది. పుస్తకం లాక్కుని తనే ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివి, 'అమ్మా, ఇది ప్రసూనాంబ కదా, తప్పు రాశారు' అంది. బుడుగ్గాడు అలాగే పలుకుతాడు, అందుకే అలా రాశారని చెప్పాను. ఇంక నవ్వు ఆగలేదు. తప్పు పట్టాలంటే ఒప్పు తెలిసుండాలి కదా. తెలుగు రాదని నేను బెంగపెట్టుకున్న పిల్ల ఆ రాత్రి తప్పులు వెతుక్కుంటూ మూడు పేజీలు తనంతట తనే చదివింది. బాపు గారి బొమ్మలు చూడ్డానికి పగలు కూడా పుస్తకం తీసేది. కొన్ని చోట్ల అణాలు, జట్కాబళ్లు లాంటి పాతకాలం సంగతులు వస్తాయి. వాడు అడిగితే చెప్పండి, అడక్కపోతే ముందుకెళ్లిపోండి.

ఆ తర్వాత 'రైలుబడి'. జపాన్ రచయిత్రి టెట్సుకో కురోయనాగి తన చిన్నతనం గురించి 1981లో రాసిన 'టోటోచాన్'కి ఇది తెలుగు. నన్నడిగితే ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న ఏ ఇంట్లో అయినా ఈ పుస్తకం ఉండాలి. క్లాసు జరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి వీధిలో వాయిద్యాలవాళ్లని పిలిచే పిల్లని మొదటి స్కూలువాళ్లు పంపించేస్తారు. రెండో స్కూల్లో క్లాసులు పాత రైలుపెట్టెల్లో జరుగుతాయి. అక్కడి హెడ్మాస్టరు కొబయాషి గారు, ఆ పిల్ల మాటలు అయిపోయేదాకా, నాలుగు గంటలు కూర్చుని వింటారు. ఆ చోటు చదివేటప్పుడు నా గొంతు పట్టేసింది. మా పిల్ల మాట నేను ఏనాడైనా నాలుగు నిమిషాలు అడ్డుపడకుండా విన్నానా అనిపించింది.

ఆ స్కూల్లో పిల్లలు మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి వచ్చింది కొంచెం, కొండల నుంచి వచ్చింది కొంచెం తెచ్చుకోవాలి. మాది చీరాల వైపు. మర్నాడే మా అమ్మాయి గోంగూర అన్నం పక్కన వేయించిన ఎండురొయ్యలు పెట్టమంది. 'సముద్రం ఇది, కొండ ఇది' అని డబ్బా మూత పెట్టుకుంది. గోంగూర కొండ మీద కాయదని నేను చెప్పలేదు. నెల రోజులు అదే ఆట, చిక్కుడుకాయ మొహం చూడని పిల్ల కొండ వంతుకి చిక్కుడుకాయలూ తింది. చివర్లో ఆ బడి 1945 బాంబు దాడుల్లో కాలిపోతుంది. అక్కడికి వచ్చిన రోజు పక్కనే ఉండండి, ప్రశ్నలు చాలా వస్తాయి.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడైతే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు' కథ చదివి వినిపించండి. పెద్ద కథే, నాలుగు రాత్రులు పడుతుంది, కానీ గోదావరి మాట జోరుగా నడుస్తుంది. పెద్దాపురం మహారాజుతో చదరంగం ఆడాలని పట్టుబట్టిన కుర్రాడు తంగిరాల శంకరప్ప. అందులో చదరంగం బల్ల మీద మొదటి గడికి ఒక గింజతో మొదలై గడి గడికీ రెట్టింపయ్యే వడ్లగింజల లెక్క ఉంది. మేం రఫ్ నోటుబుక్కు పెట్టుకుని వేశాం. ఇరవై ఒకటో గడికే 10,48,576 వచ్చింది. ఇంకా నలభై మూడు గళ్లు మిగిలి ఉన్నాయి! కాగితం చాల్లేదు.

ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల పుస్తకాలూ తక్కువ ధరకే వస్తాయి.

ఇక మీ సంగతి. అలవాటు తప్పినవాళ్లకి జనం విశ్వనాథ సత్యనారాయణ గారి లావుపాటి నవల 'వేయిపడగలు' చెప్తుంటారు. గొప్ప పుస్తకమే, కానీ ఇప్పుడు వద్దు. ఒక్క కూర్చోవడంలో అయిపోయేది పట్టుకోండి. నాకు చదువు తిరిగి అంటుకున్నది కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'తో. ఒక ముసలాయన, తప్పిపోయిన ఒక సూడి పంది, ఒక రాత్రి, ఒక అడవి. అంతే. పేర్లు కూడా ఉండవు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు గారు రాసిన నవల ఇది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఫోను ఎక్కడుందో కూడా గుర్తులేకుండా చదివేశాను. తర్వాత సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. వంద కథలు, చాలావరకు చిన్నవే. రోజుకి ఒకటి, నిద్రకి ముందు. మూడు నెలల పైచిలుకు అలా చదివితే అలవాటు దానంతట అదే నిలబడుతుంది.

ఆ పట్టు దొరికాక పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' తప్పకుండా చదవండి. 1957, 58 నాటి నవల. విశాఖలో ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర అనే అమ్మాయి ఉంటుంది అందులో. మొదట నాకు ఆమె నచ్చలేదు. నలభై దాటాక రెండోసారి చదివితే ఆమె పక్షానే నిలబడ్డాను. ఆడవాళ్ల గురించి వచ్చిన తెలుగు నవలల్లో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. రాసినావిడ డాక్టరు, చాలా చిన్న వయసులోనే పోయారు. 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి మూలం ఈ నవలే, కానీ సినిమా చూశాం కదా అని వదిలేయకండి, రెండిటికీ చాలా తేడా ఉంది.

'ఏడు తరాలు' మీకు ఇప్పుడు, బాబుకి పద్నాలుగు నిండాక. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ని సహవాసి గారు తెలుగు చేశారు. అసలు నవలకి ఇది కుదింపు అయినా తెలుగులో పుట్టిన పుస్తకంలాగే నడుస్తుంది. ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా ఎత్తుకొచ్చిన కుంటా కింటే సొరకాయ బుర్రలో గులకరాళ్లు వేసుకుంటూ తన వయసు లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. కొరడా దెబ్బలు, మనుషుల అమ్మకాలు ఉన్న పుస్తకం, పదేళ్లకి వద్దు.

ఒక్క మాట అడగాలి, మీది ఏ జిల్లా? సొంత యాసలో రాసిన పుస్తకం దొరికితే పిల్లలు ఊరికే అతుక్కుపోతారు. చిత్తూరు వైపైతే నామిని కథలు, నెల్లూరు వైపైతే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', గోదావరి వైపైతే వంశీ 'మా పసలపూడి కథలు', తెలంగాణ అయితే పెద్దవాళ్లకి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. నామిని, వంశీ పుస్తకాల్లో కొన్ని కథలు పిల్లలకి కావు, ముందు మీరు చదివి ఏరుకోండి. వీటిలో కొన్ని మామూలు షాపుల్లో దొరకవు. హైదరాబాద్‌లో డిసెంబరు బుక్ ఫెయిర్, లేదంటే విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగితే అన్నీ ఒకచోటే చూసుకోవచ్చు. అంతవరకు ఆగలేకపోతే హైదరాబాద్ కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపులో అడగండి.

జిల్లా పేరు, బాబుకి నవ్వించే కథలు ఇష్టమో జంతువుల కథలు ఇష్టమో చెప్తే ఇంకో రెండు మూడు రాస్తాను.