బరువు సంగతి తర్వాత, ముందు ఎత్తు చూడు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

మేడ్చల్ గోదాములో నిన్ను షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం నాన్నా. నీ షిఫ్టులో నడుము నొప్పులతో పని మానేసేవాళ్లు ఎక్కువయ్యారని, అందరికీ నడుము బెల్టులు కొనిపించి, బరువు ఎలా ఎత్తాలో ఒక క్లాసు పెట్టించబోతున్నావని కూడా చెప్పింది. ఆ డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

అమెరికాలో సరుకు ఎత్తి దించే వేలమంది స్టోర్ ఉద్యోగులను గమనించి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2000లో వెలువడింది. రోజూ బెల్టు పెట్టుకున్నవాళ్లకూ, ఎప్పుడో ఒకసారి పెట్టుకున్నవాళ్లకూ నడుము నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒట్టి క్లాసులతో కూడా పెద్దగా ఒరిగేదేమీ లేదు. 'మోకాళ్లు వంచు, నడుము వంచకు' అని గోడకి బొమ్మ అంటించడం తేలికే. గంటకి ఇన్ని అని టార్గెట్ నెత్తిమీద ఉన్న పిల్ల అట్టడుగు అరలోంచి నూనె డబ్బా లాగాలంటే ప్రతిసారీ గుంజీ తీసినట్టే. ఓ పూట తీస్తుంది, సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి, మర్నాటి నుంచి మళ్లీ నడుమే వంచుతుంది. అందుకని మనిషికి నేర్పడం కంటే ముందు సరుకు ఉండే చోటు మార్చు.

ఎందుకంటున్నానో లెక్కతో చెబుతాను. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ బరువులెత్తడానికి ఒక సూత్రం తయారుచేసింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే సరుకు నడుము దరిదాపుల ఎత్తులో, ఒంటికి దగ్గరగా, పట్టు బాగా దొరికేలా, పక్కకి తిరగనక్కర్లేకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తేదైతే, 23 కిలోల వరకు ఫర్వాలేదంటుంది. అదే సరుకు ఒంటికి 25 సెంటీమీటర్ల దూరం నుంచి 50కి జరిగితే ఆ 23 సగానికి పడిపోయి పదకొండున్నర అవుతుంది. దానికి తోడు నేల మీద నుంచి ఎత్తాల్సి వస్తే 9 కిలోల లోపే. మాటిమాటికీ ఎత్తాలంటే ఇంకా తగ్గుతుంది. చూశావా, మనిషి మారలేదు, వాడి బలం మారలేదు, పెట్టె పెట్టిన చోటు మాత్రమే మారింది.

మన హమాలీలకి ఈ సంగతి ఏ సూత్రమూ లేకుండానే తెలుసు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో నేను పనిచేసినన్నాళ్లూ చూశాను, చేయి తిరిగిన హమాలీ ఎవడూ మిర్చి టిక్కీని, అంటే మిర్చి బస్తాని, నేల మీద నుంచి ఒంటరిగా ఎత్తుకోడు. ఇద్దరు చెరో పక్కా పట్టి లేపి మూడోవాడి వీపు మీదికి ఎక్కిస్తారు. అతను చేసేది మొయ్యడం, నడవడం. దించేటప్పుడు కూడా నేల మీదికి కాకుండా భుజం ఎత్తున ఉన్న వరస మీదికి దొర్లించడానికే చూస్తారు. అంత బరువు మోయడం మంచిదని చెప్పడం లేదు. ఆ హమాలీల్లో చాలామంది యాభై దాటేసరికి నిటారుగా నిలబడలేకపోవడం కూడా ఈ కళ్లతోనే చూశాను. కానీ నేల నుంచి ఎత్తడమే నడుముకి చేటని వాళ్లు కనిపెట్టారు, దాని చుట్టూ పని అమర్చుకున్నారు.

నువ్వు చేయాల్సింది కూడా అదే. రోజూ ఎక్కువగా కదిలే బరువు సరుకులేవో లిస్టు తీయించు. పిండి బస్తాలు, నూనె డబ్బాలు, డిటర్జెంట్ కార్టన్లు, మంచినీళ్ల కేసులు ఉంటాయి. వాటికి తొడ నుంచి ఛాతీ దాకా ఉండే అరలు ఇవ్వు. చిప్స్, టిష్యూలు, దూదిలాంటివి కిందా పైనా పెట్టు. లొకేషన్లు సాఫ్ట్‌వేరే ఇస్తుందని ఇన్వెంటరీ వాళ్లు అంటారు. దానికి ఆ రూలు రాసింది మనుషులేగా, మార్చమని పట్టుపట్టు. నేల మీద పాలెట్ (సరుకు పేర్చే చెక్క పీఠం) ఉంచక తప్పని చోట దాని కింద రెండు మూడు ఖాళీ పాలెట్లు పేర్చు. ఒక్కొక్కటి దాదాపు అరడుగు ఎత్తు పెంచుతుంది, ఖర్చేమీ లేదు.

ప్యాకింగ్ టేబుళ్లన్నీ ఒకే ఎత్తులో చేయించి ఉంటారు. ప్యాక్ చేసే మనిషి మోచేతికి కాస్త కిందుగా ఉండాలి టేబుల్. పొట్టి పిల్లలు భుజాలు ఎగదీసుకుని టేపు అంటిస్తుంటే వాళ్ల కాళ్ల కింద గట్టి చెక్క పీట వేయించు, పొడుగువాళ్ల టేబుల్ కాళ్ల కింద దిమ్మలు పెట్టించు. మడత పెట్టిన అట్టపెట్టెలు టేబుల్ కింద ఉంటాయా? పక్కన నడుమెత్తు స్టాండుకి మార్చు. పెట్టె పెట్టెకీ వంగే పని పోతుంది.

ట్రాలీ ఒకదాన్ని తిరగేసి చక్రాలు చూడు. ప్లాస్టిక్ పట్టీ ముక్కలు, స్ట్రెచ్ ఫిల్మ్, జుట్టు, దారాలు ఇరుసుకి చుట్టుకుని గట్టిపడి ఉంటాయి. అలాంటి ట్రాలీ తిరగదు, ఈడ్చాలి. రోజంతా దాన్ని తోసిన భుజానికి రాత్రి నిద్ర ఉండదు. వారానికొకసారి కత్తెరతో అవి కోయించి కాస్త నూనె వేయించు. బండిని లాగనివ్వకు, తోయమను.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది మంచినీళ్ల సంగతి. 2024 వేసవిలో హర్యానాలోని మానేసర్‌లో ఒక గోదాములో, టార్గెట్ అయ్యేదాకా మంచినీళ్లకీ బాత్రూమ్‌కీ వెళ్లబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారని పేపర్లలో వచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్ర కార్మిక శాఖకి నోటీసు కూడా ఇచ్చింది. మన దగ్గర ప్రమాణాలు లేకపోయినా ఆడపిల్లలు మంచినీళ్లు తాగడం మానేస్తారు, ఎందుకంటే బాత్రూమ్ ఆ చివరెక్కడో ఉంటుంది, వెళ్లొచ్చే లోపల టార్గెట్ పోతుంది. ఆ నడక టైమును టార్గెట్‌లోంచి తీసేయించు. మే నెలలో రేకుల షెడ్డు కింద లారీ అన్‌లోడింగ్ తెల్లవారుజామునో పొద్దుగూకాకో పెట్టించు, మధ్యాహ్నం వద్దు. మజ్జిగో ఓఆర్ఎస్సో మనిషి దగ్గరికే వెళ్లాలి.

కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లు నొప్పి ఉందని పైకి చెప్పరు, రేపటి నుంచి రావద్దంటారేమోనని టెన్షన్. నువ్వే కనిపెట్టాలి. భోజనానికి కూర్చుని లేచేటప్పుడు నేల మీద చెయ్యి ఆనించేదెవరో, స్కానర్ పట్టుకున్న చేతిని మాటిమాటికీ విదిలించేదెవరో చూడు. వాళ్లని పక్కకి పిలిచి అడుగు, ఓ వారం వేరే పని ఇవ్వు. అలాగని పికింగ్ నుంచి, అంటే అరల్లోంచి సరుకు తీసే పని నుంచి, తీసి అన్‌లోడింగ్‌లో వేస్తే అది మార్పు కాదు, రెండూ నడుముకే.

నెలకి 21,000 లోపు జీతం ఉన్న ప్రతి ఒక్కరి పే స్లిప్‌లోనూ ఈఎస్ఐ (కార్మికులకి ప్రభుత్వం నడిపే బీమా) కోత ఉందో లేదో కాంట్రాక్టర్ని అడిగి చూడు. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు పని చేయలేకపోతే జీతంలో 90 శాతం దాకా వస్తుంది, ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. మామూలు జబ్బుకి 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. కాకపోతే దెబ్బ తగిలిన రోజే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఎక్కాలి. చిన్నదే కదా అని ఎవరైనా వద్దన్నా నువ్వు రాయించు.

ఆదివారం ఫోన్ చెయ్. అప్పటికి నీ దగ్గర ఎక్కువగా కదిలే ఇరవై బరువు సరుకులేవో, అవి ఇప్పుడు ఏ ఎత్తులో ఉన్నాయో రాసిపెట్టుకో. ముందు వాటి చోటు మార్చేద్దాం.

మీ బాబాయి