భయమే లేకుండా చేసే మందు ఉందా?

ప్రశ్న: నా వయసు 38. వరంగల్‌లో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. రెండు నెలల క్రితం నా ఈడు సహోద్యోగి ఒకరు గుండెపోటుతో సీట్లోనే కుప్పకూలి చనిపోయారు. అప్పటి నుంచి అర్ధరాత్రి గుండె దడతో, చెమటలతో మెలకువ వస్తోంది. ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. పావుగంటలో అదే తగ్గిపోతుంది. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ బాగున్నాయన్నారు. అయినా మెట్లు ఎక్కడం మానేశాను. స్మార్ట్‌వాచ్‌లో మాటిమాటికీ గుండె వేగం చూసుకుంటున్నాను. అసలు భయమే లేకుండా చేసే మందు ఏదైనా ఉందా?

సలహా: అలాంటి మందు లేదు. ఉన్నా నేను రాయను.

అరుదైన జన్యు వ్యాధి వల్ల మెదడులోని అమిగ్డలా అనే బాదం గింజంత భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఒక అమెరికన్ మహిళను వైద్యులు ఏళ్ల తరబడి పరిశీలించారు. పాములను చూసినా ఆమెకు భయం కలిగేది కాదు. ప్రమాదాన్ని పసిగట్టి తప్పుకోవడం చేతకాక, కత్తులకూ తుపాకులకూ ఎదురుపడ్డ సందర్భాలు ఆమె జీవితంలో ఉన్నాయి. వాన కురిసిన రాత్రి మీరు బండి వేగం తగ్గించడానికీ, లారీ హారన్ వినగానే ఆలోచించకుండానే పక్కకు జరగడానికీ కారణం భయమే కాబట్టి, దాన్ని పూర్తిగా పోగొట్టుకోవాలని కోరుకోకండి.

అయితే అదే మహిళ, 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని ఒక్కసారి పీల్చగానే ప్రాణభయంతో విలవిల్లాడింది. బయట కనిపించే ప్రమాదం వల్ల పుట్టే భయానికీ, ఒంట్లోంచి వచ్చే సంకేతం వల్ల పుట్టే భయానికీ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావని దీన్ని బట్టి తెలుస్తోంది. మీది రెండో రకమని, మీరు చెప్పిన లక్షణాలు పానిక్ అటాక్‌లకు (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్ర భయానికి) సరిపోతున్నాయని నా అభిప్రాయం.

భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, చర్మానికి రక్తప్రసరణ తగ్గి చేతులు చల్లబడతాయి. (గుండె ఝల్లుమంది, నోట తడారిపోయింది, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి అని మన పెద్దలు చెప్పింది ఈ శరీరధర్మాన్నే.) ఊపిరి అందడం లేదనుకుని మీరు గబగబా గాలి పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరిని గుండెపోటుగా భావించడంతో భయం ఇంకా పెరుగుతుంది. అప్పుడు వాచీ చూసుకుంటే అంకె పెరిగే ఉంటుంది, చూసుకున్న కంగారుకు మరో పది పెరుగుతుంది. ముందుగా ఆ వాచీని రాత్రిపూట బీరువాలో పెట్టండి.

మెట్ల విషయం నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తోంది. ఎక్కకపోవడం వల్ల ఆ పూటకు ఊరట కలుగుతుంది గానీ, ఎక్కకపోబట్టే బతికానని మెదడు నమ్మడంతో మర్నాడు భయం ఇంకాస్త బలపడుతుంది. టీఎంటీలో మీరు ట్రెడ్‌మిల్ మీద మెట్లకంటే ఎక్కువ శ్రమే పడి ఉంటారు. మీ కార్డియాలజిస్టును ఒక మాట అడిగి, ఈ వారం ఒక అంతస్తు, వచ్చే వారం రెండు అంతస్తులు ఎక్కండి. దడ వస్తే ఆగి, దానంతట అది తగ్గేదాకా అక్కడే నిలబడండి, వెనక్కి దిగిపోకండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు ముక్కుతో గాలి నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే ఒకసారి చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానండి. దడ ఇలాగే కొనసాగితే సైకియాట్రిస్టును కలవండి. భయం పుట్టించే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. అవసరమైతే ఆందోళన, డిప్రెషన్ తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా తెలిసినవాళ్లు చెప్పారని మందుల షాపులో అల్ప్రాజోలామ్ అనే మత్తు మాత్ర కొని వేసుకోకండి, అది అలవాటుగా మారుతుంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు.

మీరు సహోద్యోగిని కళ్లెదుటే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖం గురించి ఉత్తరంలో ఒక్క మాటా లేదు, డాక్టరు దగ్గరైనా చెప్పండి.

పరీక్షలు బాగున్నంత మాత్రాన ప్రతి నొప్పినీ భయం కింద జమకట్టకూడదు. శ్రమపడినప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్టుకు చూపించుకోండి. ఆ నొప్పి తగ్గకపోయినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమటలతో వాంతి వచ్చినట్టున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.