ఆల్ప్స్ కనుమల్లో పాత స్పోర్ట్స్ కార్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే వేసవిలో మా సహోద్యోగులు ఐదు పాత స్పోర్ట్స్ కార్లలో మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. మొదటి రోజు గ్రాస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు మీదుగా ఆస్ట్రియాలోని గ్ముండ్ ఊరికి, రెండో రోజు డోలమైట్స్ కొండల మీదుగా ఇటలీలోని బోల్జానోకు, మూడో రోజు స్టెల్వియో కనుమ దాటి తిరిగి మ్యూనిక్‌కు అని అనుకున్నారు. ఒక మిత్రుడు తన 1966 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును నడపమని నాకు ఇస్తున్నారు. అది ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నది కనుక స్టీరింగ్ కుడివైపు ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో చాలాసార్లు కారు నడిపాను కానీ ఇంత పాత బండిని ఎన్నడూ నడపలేదు. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీరు వెళ్లే గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు కార్ల కోసమే కొండల్లో తొలిచిన దారి. ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ 48 కిలోమీటర్ల రోడ్డును 1935 ఆగస్టు 3న ప్రారంభించారు. ముప్ఫై ఆరు పెద్ద మలుపులతో అది 2,504 మీటర్ల ఎత్తున ఉన్న హోఖ్‌టోర్ కనుమ వరకు ఎక్కుతుంది. మీకు అలవాటైన తిరుమల కొండ వెయ్యి మీటర్లకు లోపే కనుక, అక్కడ మీరు ఎదుర్కోని ఇబ్బందులు ఇక్కడ రెండు ఉంటాయి. ఒకటి ఎక్కేటప్పుడు ఇంజినుకు గాలి చాలకపోవడం, రెండోది గంటసేపు ఆగకుండా దిగేటప్పుడు బ్రేకులు కాలిపోయేంత వేడెక్కడం. మొదటిది బండిని ఆపుతుంది, అంతే. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది. అందుచేత ఈ ప్రయాణానికి బండిని సిద్ధం చేయడమంటే ముందుగా దిగుడుకు సిద్ధం చేయడమేనని నా గట్టి అభిప్రాయం. చాలామంది ఇంజిను శుభ్రంగా ట్యూన్ చేయించి, బ్రేకుల సంగతి చూడకుండానే బయలుదేరుతారు.

ముందు ఎక్కడం గురించి చెబుతాను. రెండున్నర వేల మీటర్ల ఎత్తున గాలి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు ఐదో వంతు పలచబడుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ దాన్ని పసిగట్టి పెట్రోలు తగ్గిస్తుంది. మీ ఎంజీబీలో గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజినుకు పంపే జంట ఎస్‌యూ కార్బురేటర్లకు ఆ వసతి లేదు. గాలి తగ్గినంతగా పెట్రోలును తగ్గించలేవు కాబట్టి ఇంజిను బరువుగా, మందంగా లాగుతుంది, పొగగొట్టం దగ్గర పెట్రోలు వాసన వస్తుంది. కింద సుమారు 95 హార్స్‌పవర్ ఇచ్చే 1,798 సీసీ ఇంజిను పైన 75 మాత్రమే ఇస్తున్నట్టు ఉంటుంది. దీన్ని చూసి కంగారుపడి దారిలో కార్బురేటర్ స్క్రూలు తిప్పకండి. పైన సరిపోయేలా పెట్రోలు తగ్గిస్తే కింద లోయలోకి వచ్చాక గాలిలో పెట్రోలు పాలు చాలక ఇంజిను వేడెక్కుతుంది. ఒక గేరు తగ్గించి ఓపికగా ఎక్కడమే మంచిది. (మన పాత అంబాసిడర్‌లో ఉన్న 1,489 సీసీ ఇంజినూ, ఎంజీబీ ఇంజినూ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ తయారుచేసిన ఒకే ఇంజిన్ల కుటుంబానికి చెందినవి. అంబాసిడర్ మెకానిక్కుల చేతుల్లో పెరిగిన వారికి ఈ బానెట్ ఎత్తగానే తెలిసిన ముఖమే కనిపిస్తుంది.)

ఇంకో చిక్కు ఈ ఇంజిను కట్టడిలోనే ఉంది. ఎంజీబీలో కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ గొట్టాలు ఒకే పక్కన ఉంటాయి. కొండ ఎక్కి వచ్చిన వెంటనే ఫొటోల కోసం తాళంచెవి తిప్పి ఇంజిను ఆపేస్తే, ఫ్యాన్ గాలి ఆగిపోయి, ఎగ్జాస్ట్ వేడి పైకి వచ్చి కార్బురేటర్ల గిన్నెల్లోని పెట్రోలు మరిగిపోతుంది. ఎత్తున గాలి పీడనం తక్కువ కనుక అది మరింత త్వరగా మరుగుతుంది. తిరిగి స్టార్ట్ చేయబోతే బండి కదలదు. వెనకవైపు ఉన్న విద్యుత్ పెట్రోలు పంపు టకటకమని ఆగకుండా కొట్టుకుంటుంటే లైనులో ఆవిరి నిండిందని అర్థం. ఆగిన తరువాత రెండు మూడు నిమిషాలు ఇంజినును నెమ్మదిగా తిరగనివ్వండి, ఆపాక బానెట్ ఎత్తి ఉంచండి. అయినా మొరాయిస్తే పావుగంట ఆగడమే మందు; అదేపనిగా స్టార్టర్ నొక్కితే బ్యాటరీ కూడా పోతుంది. రేడియేటర్ మూత రబ్బరు పాతబడి ఉంటే ముందే మార్పించండి. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి, మూత పీడనాన్ని బిగించి పట్టుకుంటేనే మరుగు ఆగుతుంది.

ఇక దిగడం. బయలుదేరే నెలలోనే బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించండి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ రకానికి తాజాగా ఉన్నప్పుడు మరుగు ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం, తేమ పట్టినప్పుడు అది 155 వరకు పడిపోవచ్చు. ఎడతెగని దిగుడులో వేడి అక్కడిదాకా చేరితే ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ స్పాంజీలా మెత్తబడి నేలదాకా పోతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగనంటే అది వేరే లక్షణం: ప్యాడ్లు కాలి పట్టు కోల్పోయాయి. మొదటి సందర్భంలో పెడల్‌ను వెంటవెంటనే తొక్కి వదులుతూ ఒత్తిడి పుట్టించాలి, రెండో సందర్భంలో గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకును మెల్లగా లాగుతూ, దొరికిన తొలి ఖాళీ జాగాలో ఆపి అరగంట చల్లారనివ్వాలి. ఆయిల్‌తో పాటు చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలనూ, టైర్ల తయారీ సంవత్సరాన్నీ చూడండి. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పదేళ్లు దాటిన టైరు గాట్లు ఎంత లోతుగా ఉన్నా కొండకు పనికిరాదు.

నడిపే పద్ధతి ఇదీ: ఏ గేరులో ఎక్కేవారో ఆ గేరులోనే దిగండి, ఓవర్‌డ్రైవ్ (ఇంజిను వేగాన్ని తగ్గించే అదనపు గేరు) ఉంటే ఆపివేయండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో బండి జారవిడిచే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, దాన్ని పూర్తిగా మరిచిపోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపు రాకముందే తిన్నటి దారిలో గట్టిగా తొక్కి వదలాలి, మధ్యలో చక్రాలకు గాలి తగలాలి. తిరుమలలో దిగే వాహనానికి కనీస సమయం నిర్ణయించి, అంతకన్నా ముందే కిందికి చేరితే జరిమానా వేసే నియమం వెనుక ఉన్న బుద్ధి ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది. మీ 1966 బండిలో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా పళ్ల వేగాలను కలిపే అమరిక) ఉండదు, ఆ సౌకర్యం 1967 చివర్లో వచ్చిన నమూనా నుంచే ఉంది. కనుక మలుపు మధ్యలో మొదటి గేరులోకి వెళ్లబోతే పళ్లు కొరుకుతాయి. రెండో గేరులో తిరగగల వేగాన్ని ముందే అంచనా వేసుకోండి.

ప్రణాళిక గురించి ఒక్క మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మూడో రోజున బోల్జానో నుంచి స్టెల్వియో ఎక్కి, అదే రోజు మ్యూనిక్ చేరడం తప్పుడు ఆలోచన. స్టెల్వియో 2,757 మీటర్ల కనుమ. ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డోనెగాని 1820 నుంచి 1825 వరకు కట్టిన దారి అది. గుర్రపుబండ్ల కాలపు వంపులు కనుక కనుమ కింద ఉన్న ప్రాటో ఊరి వైపు 48 మలుపుల్లో చాలావాటికి ఒకే ఊపున తిరగడం కష్టం. పైగా సైకిళ్లూ, మోటారు సైకిళ్లూ కిక్కిరిసి ఉంటాయి. రాత్రికి ప్రాటో దగ్గరే బస చేసి, నాలుగో రోజు తెల్లవారుజామున ఎక్కండి. పైనుంచి ఉంబ్రైల్ కనుమ గుండా స్విట్జర్లాండ్‌లోకి దిగి, రెషెన్ కనుమ మీదుగా ఇంటికి చేరవచ్చు. నాలుగో రోజు దొరకకపోతే స్టెల్వియోను వదిలేయండి, గ్రాస్‌గ్లాక్నర్, డోలమైట్స్ రెండే ఆ బండికి నిండైన ప్రయాణం. బయలుదేరే ముందు మిత్రుని బీమాలో మీ పేరు చేరిందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. పాత కార్ల బీమాల్లో నడిపేవారి పేర్లను పరిమితం చేయడం మామూలే.

ప్రశ్న: మాది స్టుట్‌గార్ట్. మావారు తన 1970ల నాటి పోర్షా 911లో ఇలాంటి బృందంతోనే వెళ్తున్నారు, నేను పక్క సీటులో ఉంటాను. ఐదారు బళ్లు కలిసి వెళ్లేటప్పుడు ఎలా వెళ్లాలి? పక్కన కూర్చున్న నేను చేయగల పని ఏమైనా ఉందా?

జవాబు: చాలా ఉందమ్మా. ముందు బృందం సంగతి. ఒకరి వెనుక ఒకరు అంటుకుని వెళ్లడం చూడడానికి బాగుంటుంది కానీ, వెనుక వచ్చే స్థానికులకు దాటే వీలుండదు, ముందు బండి తడబడితే వెనుక బండీ తడబడుతుంది. బ్రేకులు బలహీనంగా ఉన్న బండిని రెండో స్థానంలో ఉంచి, మొదటి బండి దాని వేగానికి తగ్గట్టు నడవాలి. దారులు చీలే ప్రతి చోట రెండో బండి ఆగి, చివరి బండి కనిపించేదాకా దారి చూపి, తరువాత కదలాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగిలిన దారిలో ఎవరి వేగంతో వారు వెళ్లవచ్చు, ఎవరినీ అందుకోవాలన్న తొందర ఉండదు. కొండ ఎక్కే వాహనానికే దారి ఇవ్వాలి. స్విట్జర్లాండ్‌లో నీలి బోర్డు మీద పసుపు కొమ్ముబూర గుర్తు ఉన్న రోడ్లలో పసుపు పోస్టు బస్సుకు ప్రాధాన్యం ఉంటుంది, దాని డ్రైవరు వెనక్కి జరగమంటే జరగాలి.

ఇక మీ పని. లోయల్లో ఫోను సిగ్నలు పోతుంది కనుక కాగితం మ్యాపు మీ ఒళ్లో ఉండాలి, చీలికలు ముందుగా చెప్పాలి. మీవారి కళ్లు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లును మీరు గమనించాలి. ఆ కారుకు రేడియేటర్ నీళ్లు లేవు, గాలీ ఆయిలే దాన్ని చల్లబరుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. 911లో ఇంజిను వెనుక చక్రాలకు కూడా వెనుక ఉంటుంది. మలుపు మధ్యలో ఎదురుగా బస్సు కనబడి భయంతో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే బరువు ముందుకు మళ్లి, వెనుక టైర్ల పట్టు తగ్గి, బండి వెనుకభాగం పక్కకు జారవచ్చు. దిగువ మలుపుల్లో వచ్చే వాహనాలు మీ వైపు నుంచి చాలాసార్లు ముందే కనిపిస్తాయి. “బస్సు వస్తోంది” అని మలుపుకు ముందే ప్రశాంతంగా చెప్పగలిగితే ఆయన నెమ్మదిగా ప్రవేశించి, ఒకే తీరున యాక్సిలరేటర్ పట్టి దాటగలుగుతారు. మలుపు మొదలయ్యాక మాత్రం ఏమీ చెప్పకండి.

ప్రశ్న: మేము విజయవాడ నుంచి మా అబ్బాయి దగ్గరకు సాల్జ్‌బర్గ్ వెళ్తున్నాం. ఏప్రిల్‌లో వెళ్తే ఇలాంటి కార్లు కొండల్లో కనిపిస్తాయా? నేనూ అక్కడ కారు నడపవచ్చా?

జవాబు: ఏప్రిల్‌లో వద్దు. గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు మంచు తొలగించాక సాధారణంగా మే మొదట్లో తెరుస్తారు, స్టెల్వియో ఇంకా ఆలస్యంగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. జూన్ చివర, సెప్టెంబరు మొదట పాత కార్లకు మంచి రోజులు. జర్మనీ నంబరు ప్లేటు చివర హెచ్ అక్షరం ఉంటే ఆ బండి కనీసం ముప్ఫై ఏళ్లదని గుర్తుపట్టండి. గ్ముండ్‌కు తప్పక వెళ్లండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడికి తరలివెళ్లిన పోర్షా బృందం తమ పేరుతో తొలి కారు 356ను 1948లో ఆ ఊళ్లోనే తయారుచేసింది, అక్కడ ఒక ప్రైవేటు మ్యూజియం కూడా ఉంది. నడపాలంటే మన లైసెన్సుతో పాటు ఇక్కడి ఆర్టీవో కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి. మొదటి రెండు రోజులు మీ అబ్బాయి పక్కన కూర్చుని, కుడివైపున నడిచే రోడ్డుకు కళ్లు అలవాటయ్యాకే స్టీరింగ్ పట్టండి, అదీ ముందుగా లోయలోని రోడ్ల మీద, మామూలు కారులో.