రక్తస్రావం ఆగినా నాలుగో రోజు మత్తు ఎందుకు?

ప్రశ్న: మాది తాడిపత్రి. నాన్నకు 58 ఏళ్లు. నెల కిందట బీపీ పెరిగి మెదడులో నరం చిట్లింది. కర్నూలులో చేర్చాం. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మూడు రోజులు బాగానే మాట్లాడి, నాలుగో రోజు మత్తులోకి వెళ్లారు. ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తో వాపు పెరిగింది’ అన్నారు డాక్టర్లు. ముందురోజు మంచం దగ్గరే పొలం పంపకాల మాటొచ్చింది. ఆ టెన్షన్ వల్లేనా? ఇప్పుడు ఇంటికొచ్చారు. విటమిన్-ఇ గోళీలు వేయొచ్చా?
— ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ పొలం మాట మనసులోంచి తీసేయండి. డాక్టర్లు చెప్పిన స్ట్రెస్‌కూ మన టెన్షన్‌కూ పేరులోనే పోలిక.

నరంలోంచి కారిన రక్తం మెదడులో గడ్డకట్టి ఉండిపోతుంది. దెబ్బ తగిలి కమిలిన చోటు నల్లబడి, తర్వాత పచ్చగా, పసుపుగా మారడం చూసే ఉంటారు. ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ విరుగుతున్న గుర్తులవి. మెదడులోనూ ఇదే జరిగి ఇనుము బయటపడుతుంది. మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల గడ్డలో 15 మిల్లీగ్రాములు. చర్మం కిందైతే ఒళ్లు తట్టుకుంటుంది. మెదడులో అలా కాదు. అక్కడ కొవ్వు ఎక్కువ, ఆక్సిజన్ వాడకమూ ఎక్కువే. ఇనుము వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్, అంటే పక్కవాటిని దెబ్బతీసే చురుకైన అణువులు, కణాల పొరల్లోని కొవ్వును పాడుచేస్తాయి. డాక్టర్లు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్నది దీన్నే. నిల్వ ఉన్న చెనిక్కాయ విత్తనాలు చేదెక్కి నూనె కంపు కొడతాయే, అక్కడ జరిగేదీ దాదాపు ఇదే. రక్తనాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది, వాపు పెరుగుతుంది. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండో వారం దాకా సాగుతుంది. అందుకే మొదట బాగా మాట్లాడిన మనిషి తర్వాత మగతలో పడొచ్చు.

మరి ఫ్రీ రాడికల్స్‌ను అణిచే విటమిన్-ఇ మంచిదే కదా అనిపిస్తుంది. వద్దమ్మా. పలు పరీక్షల ఫలితాలను 2010లో కలిపి చూస్తే, ఆ గోళీలు మింగినవారిలో మెదడు రక్తస్రావం ముప్పు 22 శాతం ఎక్కువగా తేలింది. ఇనుమును పట్టేసే డెఫెరాక్సమిన్ ఇంజెక్షన్‌నూ పరీక్షించారు, 90 రోజులకు ఆశించిన మేలు కనిపించలేదు. విటమిన్-ఇ సహజంగానే ఉండే చెనిక్కాయలు, ఉప్పు లేనివి గుప్పెడు తింటే మాత్రం ఇబ్బంది లేదు.

మళ్లీ నరం చిట్లకుండా కాపాడేది బీపీ గోళీయే. సాధారణంగా 130/80 లోపు ఉండాలంటాం. ఇంట్లోనే పొద్దున, రాత్రి చూసి నోటుబుక్కులో రాయండి. అంకె బాగుందని గోళీ ఆపేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఊరగాయ, ఊరమిరపకాయలు పక్కన పెట్టాల్సిందే, సంగటిలోకైనా సరే.

మళ్లీ మగత, వాంతులు, ఫిట్స్, మాట తడబడటం కనిపిస్తే నోట్లో నీళ్లు కూడా పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి.