ముందు మీ వాగు ఎక్కడ నిలువుగా దూకుతుందో చూడండి

రంపచోడవరం వైపు మీ కొండవాగులో దెయ్యం చేపలు (అక్వేరియంలలో పెంచే సక్కర్ క్యాట్‌ఫిష్) పడుతున్నాయన్నారు. అమెరికాలో వాగుల్లోంచి పరాయి చేపల్ని ఏరేస్తారట, నిజమేనా, మనమూ చేయొచ్చా అని అడిగారు. నిజమేనండీ. టెనెసీలో నాక్స్‌విల్‌లో ఉన్నప్పుడు రెండు వేసవులు ఆ పనికి వాలంటీర్‌గా వెళ్ళాను.

దగ్గర్లోనే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు. ట్రౌట్ అంటే చల్లటి నీళ్ళలో బతికే చేప. ఆ కొండవాగుల్లో మొదటి నుంచీ ఉన్న ట్రౌట్ రకం ఒక్కటే, బ్రూక్ ట్రౌట్. వందేళ్ళ క్రితం కలప కంపెనీలు కొండల్ని బోడి చేశాక అది చాలా వాగుల్లో తుడిచిపెట్టుకుపోయింది. గాలమేసేవాళ్ళ కోసం రెయిన్‌బో ట్రౌట్ తెచ్చి వదిలారు. అదీ అమెరికా చేపే, కాకపోతే పసిఫిక్ వైపుది. అడవి మళ్ళీ పెరిగింది గానీ వాగులు మాత్రం రెయిన్‌బోలవైపోయాయి. బ్రూక్ ట్రౌట్ తను ఉండే చోట్లలో నాలుగింట మూడొంతులు పోగొట్టుకుని కొండ మీది ఇరుకు పాయల్లో మిగిలింది.

ఆ రెయిన్‌బోల్ని ఏరే పని ఎలా ఉంటుందంటే, ఒకరు వీపుకి బ్యాటరీ పెట్టె తగిలించుకుంటారు. చేతిలో కర్ర, దాని చివర లోహపు రింగు, వెనక తోకలా ఈడ్చుకొచ్చే తీగ. మీట నొక్కగానే పెట్టె బీప్ బీప్ అంటుంది, బండ కింద దాక్కున్న చేప రింగు వైపు తూలుకుంటూ వచ్చి ఒరిగిపోతుంది. అది తేరుకునేలోపు చేతివలతో ఎత్తాలి. కొండనీళ్ళలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు. అందుకని వోల్టేజ్ వందల్లో పెడతారు. రబ్బరు గ్లౌజులు, ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు లేనిదే నీళ్ళలో దిగనివ్వరు. నా పని బకెట్ మోయడం, వల పట్టడం.

బ్రూక్ ట్రౌట్ రెక్క అంచున సున్నంతో గీసినట్టు తెల్లగీత ఉంటుంది. పెద్దవాటిలో పోల్చడం తేలికే. ఓసారి వేలెడంత పిల్లని బ్రూక్ అనుకుని వాగులో వదిలేశాను. వదిలాక అనుమానమొచ్చి చెప్పాను. టీమ్ లీడర్ ఒక్క మాట అనలేదు, వెనక్కి తిరిగి అప్పటిదాకా చేసిన ముక్కంతా మళ్ళీ చేయించాడు. ఒక జంట మిగిలినా కొన్నేళ్ళకి కథ మొదటికొస్తుంది మరి. అందుకే ఒకే వాగుని మళ్ళీ మళ్ళీ జల్లెడ పడతారు.

అసలు కిటుకు ఆ పెట్టెలో లేదు. వాళ్ళు ఎంచుకునే వాగుకి కింద ఒక జలపాతం ఉంటుంది, రెయిన్‌బో ఎగిరి ఎక్కలేనంత ఎత్తుది. పట్టినవాటిని దాని కింద వదులుతారు. జలపాతం లేని వాగు జోలికే పోరు, పోతే ఏటా కలుపు తీసినట్టే. లిన్ క్యాంప్ ప్రాంగ్ అనే వాగు మరీ పెద్దది, కరెంటుతో తేలేది కాదు. అక్కడ యాంటీమైసిన్ అనే చేపల్ని చంపే మందు వాడారు, దిగువన పొటాషియం పర్మాంగనేట్ కలిపి విషం విరగ్గొట్టారు. 2008లో మొదలుపెడితే గాలాలకి తెరిచింది 2015లో. (తమాషా ఏంటంటే ఇదే బ్రూక్ ట్రౌట్ పడమటి అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో పరాయిది. అక్కడ సోడా బ్యూట్ వాగులోంచి 2015లో దీన్నే మందు పెట్టి తీసేశారు.)

ఇక మీ సంగతి. ఇది చదివి దయచేసి ఎవరూ స్తంభం నుంచి తీగ లాగి నీళ్ళలో పెట్టకండి. మన ఊళ్ళలో అలా చేపలు పట్టబోయి పోయినవాళ్ళున్నారు. ఆ పెట్టె వేరు, ఇంటి కరెంటు వేరు. బ్లీచింగ్, పురుగుమందు అసలే వద్దు. ముందు చచ్చేవి మీ పరిగెల్లాంటి చేపలే. దెయ్యం చేప పైకొచ్చి గాలి మింగి కూడా బతకగలదు. కింద ఊళ్ళో ఆ నీళ్ళే తాగుతారు.

వాగు వెంట పైకి నడిచి చూడండి. నిలువుగా దూకే చోటుండి, దాని పైన ఈ చేప ఇంకా కనబడకపోతే మీరు అదృష్టవంతులు. కాపాడాల్సింది ఆ పై భాగాన్ని. ఇంట్లో అక్వేరియం చేపల్ని, చెరువులో మిగిలిన చేపపిల్లల్ని తెచ్చి ఎవరూ అక్కడ వదలకుండా చూడండి. కింది భాగంలో తగ్గించగలరు గానీ పూర్తిగా తీసేయలేరు. ఎండాకాలం వాగు మడుగులుగా విడిపోయినప్పుడు పట్టండి, ఒడ్డున బొరియలు కూడా చూడండి, గుడ్లు పెట్టేది వాటిలోనే. పాత వల వాడండి. మా బాబాయి కొత్త వలలో ఇవి పది పడితే, ముళ్ళు విడిపించలేక చివరికి వలే కోయాల్సొచ్చింది. ఒడ్డున పడేశాం కదా, చచ్చుంటుందిలే అనుకోకండి, గంటల తరబడి బతుకుతుంది. పిల్లలు జాలిపడి మళ్ళీ నీళ్ళలో వేస్తారు. పట్టినదాన్ని పట్టినట్టే చంపి, వాగుకి దూరంగా పాతిపెట్టండి.

మత్స్యశాఖ వాళ్ళకి ఫోటోలతో ఓ అర్జీ ఇవ్వండి. వాగు నిలువుగా దూకే ఆ చోటు ఎంత ఎత్తుందో, వరదొస్తే మునుగుతుందో లేదో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి మిగతాది చెప్తాను.